తోడబుట్టినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

చెన్నైలో పిల్లల క్యాన్సర్ వార్డు బయట కాసేపు కూర్చుంటే తెలుగు బాగానే వినిపిస్తుంది. నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి బిడ్డను ఎత్తుకుని వచ్చిన అమ్మానాన్నలు. మూలుగ (బోన్ మ్యారో) మార్పిడి తప్పదన్నాక వాళ్లకు ఎదురయ్యే మొదటి ప్రశ్న: "తోడబుట్టినవాళ్లు ఎవరైనా ఉన్నారా?"

1957లో అమెరికా వైద్యుడు డానల్ థామస్ ఆరుగురికి వేరేవాళ్ల మూలుగ ఎక్కించారు. వంద రోజులు దాటి ఎవరూ బతకలేదు. మరుసటి ఏడాది ఫ్రాన్స్‌లో జాన్ డాసే తెల్ల రక్తకణాల మీద ఉండే గుర్తులను కనిపెట్టారు. ఇప్పుడు హెచ్‌ఎల్‌ఏ అంటున్నది వాటినే. అవి కలవకపోతే కొత్త మూలుగలో పుట్టిన కణాలు బిడ్డ ఒంటినే పరాయిదనుకుని దాడి చేస్తాయి. అమ్మ నుంచి సగం, నాన్న నుంచి సగం వస్తాయి కాబట్టి ఒక తోబుట్టువుతో పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒకటే. 1968లో మిన్నెసోటాలో, పుట్టుకతోనే రోగనిరోధక శక్తి లేని ఒక పసివాడు అక్క మూలుగతో బతికాడు. మన దేశంలో 1983లో ముంబై టాటా మెమోరియల్‌లో, 1986లో వెల్లూరు సీఎంసీలో ఈ చికిత్స మొదలైంది.

జేఎంఎంఎల్ అనే రక్త క్యాన్సర్ చాలా అరుదు. ఎక్కువగా నాలుగేళ్ల లోపు పిల్లలకే వస్తుంది. వీళ్లలో చాలామందికి కీమోతో నయం కాదు, మార్పిడి ఒక్కటే దారి. ఆ తర్వాత కూడా కొందరికి తిరగబెడుతుంది. ఒక్కడే సంతానమైతే ఇంటి టెన్షన్ చెప్పనక్కర్లేదు.

బయటి దాతల జాబితా పుట్టింది ఇలాంటి ఇంట్లోనే. 1974లో లండన్‌లో షర్లీ నోలన్ తన కొడుకు ఆంథొనీ కోసం మొదలుపెట్టారు. జత దొరక్కుండానే 1979లో ఆ బాబు పోయాడు. చెన్నైలో ఇలాంటి జాబితానే నడిపే 'దాత్రి' సంస్థ 2009లో వచ్చింది. హెచ్‌ఎల్‌ఏ వంశాన్ని బట్టి నడుస్తుంది కనుక తెలుగు బిడ్డకు యూరప్ జాబితాల కంటే మనవాళ్లలోనే జత దొరికే వీలు ఎక్కువ. అయినా మనలో పేరు ఇచ్చేవాళ్లు తక్కువ. వెన్నెముకలోంచి తీస్తారన్న భయం ఇంకా పోలేదు. నిజానికి తీసేది తుంటి ఎముక నుంచి. ఇప్పుడు చాలాసార్లు అదీ లేదు, ఐదు రోజులు ఇంజెక్షన్లు ఇచ్చి చేతి రక్తం నుంచే మూలకణాలు (రక్తాన్ని పుట్టించే కణాలు) సేకరిస్తారు. పేరు నమోదుకైతే బుగ్గ లోపల దూదిపుల్లతో తుడిస్తే చాలు.

గత రెండు దశాబ్దాల్లో హెచ్‌ఎల్‌ఏ సగం కలిసినా మార్పిడి చేసే పద్ధతి నిలదొక్కుకుంది. మార్పిడి అయిన కొద్ది రోజులకు సైక్లోఫాస్ఫమైడ్ అనే కీమో మందు ఇచ్చి, దాడికి దిగే కణాలను అణిచేస్తారు. అందుకే ఇప్పుడు "తోడబుట్టినవాళ్లు లేరండీ" అంటే మాట అక్కడితో ఆగదు. పరీక్షకు ఆ అమ్మానాన్నల రక్తమే తీసుకుంటారు.