అపోహలు - వాస్తవాలు: ఫంక్షనల్ ప్రోగ్రాము తనంతట తానే అన్ని కోర్ల మీదా నడుస్తుందా?

అపోహ: హాస్కెల్ వంటి ఫంక్షనల్ భాషలో రాస్తే చాలు, పనిని ప్రాసెసరులోని కోర్లన్నిటికీ (విడివిడిగా లెక్కలు చేయగల భాగాలకు) కంపైలరే పంచిపెడుతుంది.

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు నుంచి నన్ను సంప్రదించే విద్యార్థులలో చాలామంది ఈ నమ్మకంతోనే వస్తారు. ఎవరో వీడియోలో చెప్పిన మాటను పరీక్షించకుండా ఇంకొకరికి చెప్పడం ఇకనైనా ఆగాలి.

వాస్తవం: ఫంక్షనుకు పక్క ప్రభావాలు లేకపోతే, అంటే ఫలితం ఇవ్వడం తప్ప బయట దేన్నీ మార్చకపోతే, రెండు లెక్కలను ఏ వరుసలో చేసినా ఫలితం మారదు, అంటే విడదీయడానికి అభ్యంతరం లేదని మాత్రమే తెలుస్తుంది, విడదీస్తే లాభమో కాదో తెలియదు. ఏ లెక్కకు ఎంత సమయం పడుతుందో కంపైలరు ముందుగా చెప్పలేదు. చిన్న చిన్న పనులను విడివిడిగా అప్పగిస్తే అప్పగింత ఖర్చే అసలు పనిని మించిపోతుంది. అందుకే హాస్కెల్ కంపైలరైన జీహెచ్‌సీలో ఎక్కడ విడదీయాలో 'పార్' ద్వారా మనమే సూచించాలి, 'థ్రెడెడ్' ఆప్షన్‌తో లింక్ చేయాలి, నడిపేటప్పుడు ఎన్ని కోర్లు వాడాలో చెప్పే '-ఎన్' ఇవ్వాలి. ఈ చివరిది మరిచిపోతే ప్రోగ్రాము ఒకే కోరు మీద నడుస్తుంది.

ఇవన్నీ చేసినా వేగం పెరగలేదని పర్లాకిమిడి విద్యార్థి ఒకరు ఎంతో దిగులుగా ఫోన్ చేశారు. "కంప్యూటరు మార్చాలా బాబూ?" అని వాళ్ళమ్మగారు కూడా అడిగారు, ఆ ఇంటికి అది చిన్న ఖర్చు కాదు. ప్రోగ్రాము ఎలా నడిచిందో చూపే '-ఎస్' నివేదిక తెప్పించి చూస్తే, స్పార్కులు ('పార్' విడదీసిన పనులు) దాదాపు అన్నీ అమలయ్యాయి. లోపం మరోచోట ఉంది: ప్రతి ముక్కా ఒక జాబితాను ఇస్తోంది, ఎంతవరకు లెక్కించాలో చెప్పే 'ఆర్‌సెక్' వ్యూహం దాని తొలి కణం వరకే విలువ కట్టి ఆగిపోతోంది, మిగిలిన లెక్కంతా చివర ముద్రించే ప్రధాన థ్రెడ్ (ప్రోగ్రాములో ఒక పనివరుస) మీద పడుతోంది. దాని బదులు మొత్తం విలువ కట్టే 'ఆర్‌డీప్‌సెక్' పెట్టించి, జాబితాను పెద్ద ముక్కలుగా కోయించాక పాత కంప్యూటరులోనే నాలుగు కోర్లూ పనిలోకి దిగాయి. యంత్రం కొనే ఆలోచనలో ఉన్నవారు దయచేసి ముందు ఆ నివేదికను చదవండి. 'ఫిజిల్డ్' సంఖ్య ఎక్కువగా ఉంటే, స్పార్కు వంతు వచ్చేలోపే ఆ పనిని వేరే థ్రెడ్ పూర్తిచేసిందని అర్థం.

అపోహ: మరో ఫంక్షనల్ భాష ఓకామెల్ ఒక కోరునే వాడుకోగలదు.

2022 డిసెంబరులో వచ్చిన 5.0 వెర్షన్‌తో ఆ పరిమితి తొలగింది; డొమైన్‌లు అనే పనివరుసలు వేర్వేరు కోర్ల మీద సమాంతరంగా నడుస్తాయి.

అపోహ: మార్పులేని డేటా వాడితే ప్రతిసారీ మొత్తం నకలు చేయాలి.

చెట్టు ఆకారపు నిర్మాణాలలో మారిన దారి మాత్రమే కొత్తగా కట్టబడుతుంది, మిగతాది పాతదానితో పంచుకోబడుతుంది. అయితే చెత్త సేకరణ (జీసీ, అంటే ఇక అవసరం లేని డేటా మెమొరీని ఖాళీ చేయడం) భారం నిజమైనదే. అన్ని థ్రెడ్‌లూ దాని కోసం ఒక్కసారిగా ఆగవలసి వస్తే కోర్లు పెంచినా వేగం పెరగదు. '-ఎస్' నివేదికలోనే జీసీ సమయం కూడా కనిపిస్తుంది.