ఊపిరితిత్తిలో అరుదైన గడ్డ: పేరు తేలాకే వైద్యం

ప్రియమైన పిల్లలకు,

ఊపిరితిత్తుల క్యాన్సర్ పొగ తాగేవాళ్లకే వస్తుంది కదా, మరి ఏ అలవాటూ లేని పాతికేళ్లవాళ్లకు ఎలా వచ్చింది అని అడిగారు. ఫోన్‌లో రెండు మాటల్లో తేలే ప్రశ్న కాదది, అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. ఉద్యోగమంతా పాథాలజిస్ట్‌గా, అంటే రోగి నుంచి తీసిన ముక్కను పరీక్షించి జబ్బేమిటో తేల్చే డాక్టర్‌గా, మైక్రోస్కోప్ ముందే గడిపినదాన్ని కాబట్టి నాకు బాగా తెలిసిన వైపు నుంచే చెబుతాను.

మన శ్వాసనాళాల లోపలి పొరలో అక్కడక్కడ, ఒంటరిగానో చిన్న గుంపులుగానో, ఒక ప్రత్యేకమైన రకం కణాలు ఉంటాయి. పీల్చే గాలిలో ఆక్సిజన్ తగ్గితే అవి పసిగడతాయి. ఆ కబురు నరాలకు అందిస్తాయి, సెరటోనిన్ లాంటి రసాయనాలను కూడా వదులుతాయి. కొంత నరాల తీరు, కొంత హార్మోన్ గ్రంథుల తీరు ఉన్న ఈ కణాలను న్యూరోఎండోక్రైన్ కణాలు అంటాం. ఈ లక్షణాలతో పెరిగే గడ్డలే న్యూరోఎండోక్రైన్ ట్యూమర్లు.

ఊపిరితిత్తిలో ఇవి ముఖ్యంగా నాలుగు రకాలు. టిపికల్ కార్సినాయిడ్ చాలా నెమ్మదిగా పెరుగుతుంది. ఎటిపికల్ కార్సినాయిడ్ దానికంటే కాస్త దూకుడుగా ఉంటుంది. లార్జ్ సెల్, స్మాల్ సెల్ అనే మిగతా రెండూ వేగంగా పాకే క్యాన్సర్లు. పొగతో గట్టి సంబంధం ఉన్నది ఈ చివరి రెండింటికే. టిపికల్ కార్సినాయిడ్ పొగ తాగనివాళ్లకూ, చిన్న వయసువాళ్లకూ రావచ్చు. కొద్దిమందిలో మెన్-1 అనే జన్యులోపం దీనికి కారణమవుతుంది, చాలామందిలో మాత్రం ఇదీ కారణమని చెప్పలేం. మొత్తం ఊపిరితిత్తుల క్యాన్సర్లలో కార్సినాయిడ్లు వందకు ఒకటి రెండు మాత్రమే. అరుదు కాబట్టే వీటిని గుర్తుపట్టడం ఆలస్యమవుతుంది.

ఆలస్యం ఎలా జరుగుతుందో చూడండి. గడ్డ తరచుగా పెద్ద శ్వాసనాళంలోనే మొలుస్తుంది. గాలి దారి ఇరుకై దగ్గు వస్తుంది, పిల్లికూతలు వినిపిస్తాయి. ఆస్తమా అనుకుని ఇన్‌హేలర్ ఇస్తారు. గడ్డ వెనక కఫం నిలిచిపోయి నిమ్ము చేస్తుంది, యాంటీబయాటిక్స్‌తో తగ్గుతుంది, కొన్ని నెలలకు మళ్లీ వస్తుంది. ఇలా ఏళ్లు గడిచిపోయినవాళ్లు ఉన్నారు. ఆస్తమా కోట్లమందికి ఉంటుంది కాబట్టి వైద్యులు మొదట దాన్నే అనుకోవడంలో తప్పు లేదు. కానీ పిల్లికూత ఛాతీలో ఒక పక్కనే వినిపిస్తోందా? నిమ్ము ప్రతిసారీ అదే చోట వస్తోందా? దగ్గులో ఎప్పుడైనా రక్తపు చార పడిందా? వీటిలో ఏ ఒక్కదానికి అవునన్నా ఎక్స్‌రేతో సరిపెట్టకుండా సీటీ స్కాన్ దాకా వెళ్లాలి. ఎక్స్‌రే మామూలుగా ఉండి, సీటీలో గడ్డ బయటపడిన సందర్భాలు ఉన్నాయి. అసలు ఏ బాధా లేకుండా, వేరే పనికి తీసిన స్కాన్‌లో కనబడేవీ తక్కువేం కాదు.

ముఖం ఎర్రబడి వేడెక్కడం, విరేచనాలు వంటివి ఈ గడ్డలన్నిటికీ గుర్తులని మీరు ఎక్కడో చదివి ఉంటారు. ఊపిరితిత్తి కార్సినాయిడ్లలో అవి కొద్దిమందికే వస్తాయి. ఇంకొందరిలో గడ్డ ఏసీటీహెచ్ అనే హార్మోన్ వదిలి, ముఖం గుండ్రంగా ఉబ్బడం, బీపీ, షుగర్ పెరగడం వంటి ఇబ్బందులు తెస్తుంది. ఆ లక్షణాలుంటే హార్మోన్ పరీక్షలు తప్పనిసరి.

స్కాన్‌లో గడ్డ కనబడ్డాక బ్రాంకోస్కోప్‌తో, అంటే శ్వాసనాళంలోకి పంపే సన్నని కెమెరా గొట్టంతో, లోపలికి చూస్తారు. నాళంలో నున్నగా, ఎర్రగా ఉండే గడ్డ చాలాసార్లు కార్సినాయిడే అవుతుంది. దీనికి రక్తనాళాలు ఎక్కువ, ముక్క తీసేటప్పుడు రక్తస్రావం కావచ్చు కాబట్టి అందుకు సిద్ధమై చేస్తారు.

ఆ ముక్క మా దగ్గరికి వస్తుంది. కార్సినాయిడ్ కణాలు ఒకే సైజులో, వరసలుగా, గూళ్లుగా అమరి ఉంటాయి. వాటి కేంద్రకం లోపల ఉప్పు, మిరియాల పొడి కలిపి చల్లినట్టు సన్నని చుక్కలు కనిపిస్తాయి. క్రోమోగ్రానిన్, సినాప్టోఫైసిన్ అనే ప్రొటీన్ల కోసం ప్రత్యేకమైన రంగు వేస్తే కణాలు గోధుమ రంగుకు తిరుగుతాయి. దాంతో ఇది న్యూరోఎండోక్రైన్ గడ్డ అని తేలుతుంది. నాలుగింటిలో ఏది అనేది తేలాలంటే విభజన చెందుతున్న కణాలను లెక్కపెట్టాలి. 2 చదరపు మిల్లీమీటర్ల మేరలో రెండుకంటే తక్కువ ఉండి, ఎక్కడా కణాలు చచ్చిన మచ్చలు లేకపోతే టిపికల్. రెండు నుంచి పది దాకా ఉన్నా, అలాంటి మచ్చలు కనబడినా ఎటిపికల్. పది దాటితే మిగతా రెండింటి వైపు చూస్తాం. చనిపోతున్న కణం కూడా నల్లగా ముడుచుకుని విభజన చెందుతున్నదానిలాగే కనిపిస్తుంది. దాన్ని పొరపాటున లెక్కలో వేసుకుంటే గడ్డ పేరే మారిపోతుంది. అందుకే ఒక స్లైడ్‌కు ఎంత సమయం పట్టినా నేను విసుక్కోలేదు.

అన్నిటికంటే ప్రమాదం చిన్న బయాప్సీతో, అంటే పరీక్షకు తీసిన ముక్క మరీ చిన్నదైనప్పుడు. పరికరం కొరికినప్పుడు సున్నితమైన కణాలు నలిగి సాగిపోతాయి. నలిగిన కార్సినాయిడ్ అచ్చం స్మాల్ సెల్ క్యాన్సర్‌లా కనబడుతుంది! స్మాల్ సెల్‌కు సాధారణంగా కీమోథెరపీ ఇస్తారు, కార్సినాయిడ్‌కు ఆపరేషన్ చేయాలి. పొరబడితే ఆపరేషన్‌తో నయం కావలసిన మనిషికి అవసరం లేని కీమో పడుతుంది. ఇక్కడ కేఐ-67 అనే పరీక్ష కాపాడుతుంది. ఎన్ని కణాలు పెరిగే దశలో ఉన్నాయో అది చూపిస్తుంది. స్మాల్ సెల్‌లో సగానికి పైగా ఉంటాయి, కార్సినాయిడ్లలో మామూలుగా 20 శాతం లోపే. టిపికలా, ఎటిపికలా అన్నది మాత్రం చిన్న ముక్కలో ఖాయంగా చెప్పలేం. గడ్డ మొత్తం బయటికి వచ్చాకే చెప్పాలి, అంతవరకూ రిపోర్టులో ఆ మాట రాయకుండా ఆగాలి.

వ్యాధి ఎంతవరకు పాకిందో తెలుసుకోవడానికి డోటాటేట్ పెట్ స్కాన్ ఉంది. ఈ కణాల్లో చాలావాటి మీద సొమాటోస్టాటిన్ అనే హార్మోన్‌ను పట్టుకునే గ్రాహకాలు ఉంటాయి. ఆ గ్రాహకాలకు అంటుకునే పదార్థానికి కొంచెం రేడియోధార్మికత జోడించి ఎక్కిస్తే, గడ్డ ఉన్నచోటల్లా వెలుగుతుంది. చక్కెర ఆధారంగా చేసే మామూలు పెట్ స్కాన్‌లో నెమ్మదైన కార్సినాయిడ్ కనబడకపోవచ్చు. కాబట్టి అందులో ఏమీ లేదని వస్తే ఊరుకోకూడదు.

వైద్యంలో మొదటి మాట ఆపరేషనే. చాలాసార్లు గడ్డ ఉన్న లోబ్‌తో (ఊపిరితిత్తిలోని ఒక పెద్ద భాగంతో) పాటు చుట్టూ ఉన్న లింఫు గ్రంథులనూ తీస్తారు, ఎందుకంటే నెమ్మదైన రకం కూడా ఒక్కోసారి గ్రంథులకు పాకుతుంది. గడ్డ నాళంలోనే ఉంటే ఆ భాగం వరకే కోసి, రెండు కొసలను కలిపి కుట్టి, మంచి ఊపిరితిత్తిని కాపాడే పద్ధతి ఉంది. శస్త్రచికిత్సల్లో నాకు అత్యంత ఇష్టమైనది ఇదే. హార్మోన్లు వదిలే గడ్డ అయితే, ఆపరేషన్‌లో బీపీ ఒక్కసారిగా అదుపు తప్పకుండా, ఆ హార్మోన్లను అణిచే ఆక్ట్రియోటైడ్ అనే మందు సిద్ధంగా ఉంచుకుంటారు. టిపికల్ కార్సినాయిడ్‌ను పూర్తిగా తీసేసినవాళ్లలో నూటికి 90 మంది దాకా అయిదేళ్ల తరువాత కూడా బతికే ఉంటారు.

ఇతర అవయవాలకు పాకితే నెలకోసారి ఇచ్చే ఆక్ట్రియోటైడ్, లాన్రియోటైడ్ ఇంజెక్షన్లు ఉన్నాయి. ఎవరోలిమస్ అనే మాత్రకు అమెరికాలో 2016లో ఈ జబ్బుకు అనుమతి వచ్చింది. స్కాన్‌లో బాగా వెలిగిన గడ్డలకు కొన్ని కేంద్రాల్లో లుటీషియం చికిత్స చేస్తారు. స్కాన్‌లో వాడినలాంటి పదార్థానికే బలమైన రేడియోధార్మికత తగిలించి గడ్డ దాకా పంపడమన్నమాట. ఎవరికి ఏది, ఏ వరసలో అన్నది సర్జన్, ఆంకాలజిస్ట్, రేడియాలజిస్ట్, పాథాలజిస్ట్ కలిసి కూర్చుని తేల్చాలి. వీలైతే ఈ గడ్డలను తరచుగా చూసే కేంద్రంలో చూపించుకోవడం మంచిది.

ఆపరేషన్ అయ్యాక అయిదేళ్లు బాగున్నాం, ఇక స్కాన్ ఎందుకని చాలామంది మానేస్తారు. నెమ్మదిగా పెరిగే గడ్డ నెమ్మదిగానే తిరిగి వస్తుంది, పదేళ్లు దాటాక వచ్చినవీ ఉన్నాయి. మీకు తెలిసినవాళ్లలో ఎవరికైనా ఈ జబ్బు ఉంటే, బయాప్సీ రిపోర్టుతో పాటు స్లైడ్లనూ, పారాఫిన్ బ్లాకులనూ (ముక్కను మైనంలో పొదిగి దాచిన దిమ్మలనూ) అడిగి తీసుకుని భద్రపరచుకోమనండి. మళ్లీ ఏదైనా కనబడిన రోజున పాత గడ్డతో పోల్చి చూడటానికి అవే కావాలి.

ప్రేమతో,
మీ అమ్మమ్మ