యుద్ధం వద్దన్నవారు బాంబుల దాకా ఎలా వెళ్లారు: అపోహలు - వాస్తవాలు

హనుమకొండలోని ఒక డిగ్రీ కాలేజీలో ఆధునిక ప్రపంచ చరిత్ర బోధించే నాకు, వియత్నాం యుద్ధ కాలపు విద్యార్థి ఉద్యమాల పాఠం వచ్చిన ప్రతి ఏడాదీ అవే ప్రశ్నలు ఎదురవుతాయి. ఏకశిల పార్కు దగ్గర యుద్ధం వద్దని ప్లకార్డు పట్టుకున్న పిల్లవాడి ఫొటో వాట్సాప్‌లో తిరిగితే చాలు, రేపు వాడు తుపాకీ పడతాడని జోస్యం చెప్పేవారు బయలుదేరుతారు. ఆ జోస్యం విని నిద్ర పట్టని తల్లిదండ్రుల మీద నాకు సానుభూతి ఉంది. జోస్యం చెప్పేవారి మీద మాత్రం లేదు.

అపోహ: సభలకు, ర్యాలీలకు వెళ్లడమే హింసకు మొదటి మెట్టు.

వాస్తవం: 1969 నవంబర్ 15న వాషింగ్టన్‌లో లక్షల మంది శాంతియుతంగా ఊరేగి ఇళ్లకు తిరిగి వెళ్లారు. అంతకు నెల రోజుల ముందు, అక్టోబర్ రెండో వారంలో, వెదర్‌మ్యాన్ అనే అతివాద విద్యార్థి వర్గం షికాగో వీధుల్లో పోలీసులతో తలపడటానికి యువతను పిలిచింది. వేలాది మంది వస్తారని ఆశించిన చోట కొన్ని వందల మందే వచ్చారు. ఆ వైఫల్యం నుంచి వారు తీసుకున్న పాఠం విచిత్రమైనది: తమ దారే తప్పు అని వారికి తోచలేదు, రానివారే పిరికివారని తేల్చుకున్నారు. 1962లో పోర్ట్ హ్యూరన్ ప్రకటనతో ప్రజాస్వామ్యం గురించి మాట్లాడిన పెద్ద విద్యార్థి సంస్థ ఎస్‌డీఎస్ (స్టూడెంట్స్ ఫర్ ఎ డెమోక్రటిక్ సొసైటీ) 1969 జూన్ మహాసభలో చీలిపోయింది, వెదర్‌మ్యాన్ ఆ చీలికల్లో ఒకటి, ఆ తర్వాత మిగిలినవి చిన్న చిన్న మూసిన గదులు. ఆ గదుల్లో జంటలను విడదీశారు, ఆత్మవిమర్శ పేరుతో గంటల తరబడి ఒకరినొకరు నిలదీసుకున్నారు, బయటి స్నేహాలను బలహీనత కింద లెక్కగట్టారు.

వెదర్‌మ్యాన్ సభ్యురాలు డయానా ఔటన్ గ్వాటెమాలా పల్లెల్లో సేవ చేసి, మిషిగన్‌లో చిన్నపిల్లలకు చదువు చెప్పిన మనిషి. 1970 మార్చి 6న న్యూయార్క్‌లోని ఒక ఇంట్లో, మేకులు నింపి తయారుచేస్తున్న బాంబు పేలి మరణించిన ముగ్గురిలో ఆమె ఒకరు. అప్పటికి ఆమె వయసు 28. ఆ బాంబు ఫోర్ట్ డిక్స్ సైనిక స్థావరంలో నృత్యానికి వచ్చే సైనికుల కోసం, వారి వెంట వచ్చే ఆడవారి కోసం సిద్ధమవుతున్నది.

జపాన్‌లో ఇది ఇంకా దారుణంగా సాగింది. 1971-72 చలికాలంలో కొండల్లో దాక్కున్న యునైటెడ్ రెడ్ ఆర్మీ అనే సాయుధ వామపక్ష బృందం, ఆత్మవిమర్శ సరిగా చేసుకోలేదంటూ తన సొంత సభ్యులనే పన్నెండు మందిని బలి తీసుకుంది. అదే దేశంలో యుద్ధానికి వ్యతిరేకంగా బాహాటంగా, ఎవరైనా వచ్చి చేరేలా నడిచిన బెహెయిరెన్ ఉద్యమం ఆ దారి పట్టలేదు. కాబట్టి పిల్లవాడు ఎన్ని సభలకు వెళ్లాడని లెక్కపెట్టడం వ్యర్థం. అతని చుట్టూ ఉన్న వలయం పెద్దదవుతున్నదా, చిన్నదవుతున్నదా అన్నదే చూడవలసిన విషయం. పాత స్నేహితులను ద్రోహులనడం, అభిప్రాయం కలవనివారితో మాట మానేయడం, నిదానంగా సాగే పనిని ఎగతాళి చేయడం, ఎక్కడికి వెళ్తున్నాడో దాచడం: నేను భయపడేది వీటికే.

నర్సంపేట నుంచి వచ్చిన ఒక ఆర్టీసీ కండక్టర్ నా గదిలో కూర్చుని, "సార్, మావోడు మీటింగులకు పోతున్నడట, ఫోన్ గుంజుకొని ఇంట్ల కూసోబెట్టాల్నా?" అని అడిగారు. ఈ జిల్లాల్లో ఆ భయం ఊరికే పుట్టలేదు. కాలేజీ నుంచి అడవికి వెళ్లి తిరిగిరాని పిల్లల కథ తెలియని ఊరు ఇక్కడ అరుదు. (మన కథకు భూమి, వెట్టి అనే వేరే మూలాలున్నాయి గనుక దాన్ని అమెరికా కథతో కలిపేయడం చరిత్ర అనిపించుకోదు.) ఫోన్ గుంజుకుంటే ఆ అబ్బాయికి మిగిలేది రహస్యంగా మాట్లాడే నలుగురేనని, మీటింగులో ఏం చెప్పారో రాత్రి భోజనాల దగ్గర అడిగి, ఒప్పుకోకపోతే గట్టిగా వాదించమని చెప్పాను. వాదించేంత చదువు తనకు లేదన్నారాయన. ప్రశ్న అడగడానికి చదువుతో పనిలేదన్నాను.

అపోహ: ముందే ఫోన్ చేసి హెచ్చరిస్తే, ఖాళీ భవనంలో పెట్టిన బాంబు ఎవరినీ చంపదు.

వాస్తవం: 1970 ఆగస్టు 24 తెల్లవారుజామున విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలోని సైనిక గణిత పరిశోధన కేంద్రం మీద గురిపెట్టి, యుద్ధ వ్యతిరేకులైన కొందరు యువకులు హెచ్చరిక చేసి మరీ బాంబు పేల్చారు. ఆ కేంద్రంతో సంబంధం లేని భౌతికశాస్త్ర పరిశోధకుడు రాబర్ట్ ఫాస్‌నాక్ట్ రాత్రంతా పనిచేస్తూ అదే భవనంలో ఉన్నాడు. ముగ్గురు పిల్లల తండ్రి అయిన ఆయన ఆ పేలుడులో చనిపోయాడు.

అపోహ: దిక్కులేని పేద పిల్లలే ఇటువైపు వెళ్తారు.

వాస్తవం: ఔటన్ సంపన్న కుటుంబంలో పుట్టింది, జర్మనీలో రెడ్ ఆర్మీ ఫ్యాక్షన్ అనే సాయుధ బృందాన్ని నడిపినవారిలో ఉల్రికే మైన్‌హోఫ్ పేరున్న పాత్రికేయురాలు, గుడ్రూన్ ఎన్స్‌లిన్ పాస్టరు కూతురు. ఇంతకంటే చెప్పనక్కరలేదు.

అపోహ: ఇదంతా పోలీసుల ఏజెంట్లు ఆడించిన నాటకం.

వాస్తవం: ఎఫ్‌బీఐ 1956 నుంచి 1971 వరకు కోఇంటెల్‌ప్రో పేరుతో ఉద్యమాల్లో చొరబడి చీలికలు పెంచిన మాట నిజం. అయినా న్యూయార్క్ ఇంట్లో ఆ మేకుల బాంబును కట్టినవారు ఏ ఏజెంటూ చెప్పనవసరం లేకుండానే ఆ పనికి పూనుకున్నారు.

అపోహ: ఒకసారి వెళ్లినవాడు తిరిగిరాడు.

వాస్తవం: తిరిగివచ్చినవారున్నారు, అయితే ఎప్పుడు వచ్చారన్న దాన్ని బట్టి మూల్యం మారింది. న్యూయార్క్ పేలుడు నుంచి ఇద్దరు స్త్రీలు ప్రాణాలతో బయటపడ్డారు. వారిలో క్యాథీ విల్కర్‌సన్ 1980లో లొంగిపోయి, ఏడాదిలోపు శిక్ష అనుభవించి, తర్వాత గణితం బోధించింది. రెండో ఆమె క్యాథీ బౌడిన్ అజ్ఞాతంలోనే ఉండిపోయి, 1981 అక్టోబర్ 20న ముగ్గురు ప్రాణాలు కోల్పోయిన బ్రింక్స్ అనే సంస్థ నగదు తరలింపు వాహన దోపిడీలో పట్టుబడింది. చంటిబిడ్డ తల్లిగా జైలుకు వెళ్లిన ఆమె పెరోల్ మీద బయటికి వచ్చింది 2003లో.