పాత పెళ్లి క్యాసెట్లు డిజిటల్ చేసేటప్పుడు: ప్లేబ్యాక్ పరీక్షపై అపోహలు - వాస్తవాలు

వీహెచ్ఎస్ క్యాసెట్ ఆడుతున్నప్పుడు బొమ్మలో కనిపించే లోపం టేపుది కావచ్చు, వీసీఆర్‌ది కావచ్చు, బొమ్మను కంప్యూటర్‌లోకి తెచ్చే క్యాప్చర్ పరికరానిది కావచ్చు. ఎవరిదో తేలాకే రికార్డు బటన్ నొక్కాలి. చివరిదాకా వీసీఆర్లు తయారుచేసిన జపాన్ సంస్థ ఫునాయ్ 2016 జులైలో ఆ తయారీ ఆపేసింది. ఇప్పుడు దొరికేవన్నీ పాతవే కాబట్టి, క్యాసెట్‌తో పాటు మెషిన్‌నూ అనుమానించక తప్పదు.

అపోహ: ముందు ఒకసారి ఆడించి చూస్తేనే క్యాసెట్ సంగతి తెలుస్తుంది.
వాస్తవం: ముందు క్యాసెట్ కిటికీలోంచి టార్చి వేసి చూడండి. రీలు చుట్ల మీద తెల్లటి పొడి, మచ్చలు ఉంటే అది బూజు. అలాంటిది ఆడిస్తే బూజు వీసీఆర్ లోపల టేపును చదివే హెడ్లకు అంటుకుని, తర్వాత పెట్టే ప్రతి క్యాసెట్‌కూ పాకుతుంది. శుభ్రం చేయించేదాకా పక్కన పెట్టేయండి. బూజు లేకపోతే చివరిదాకా ఫార్వర్డ్ చేసి, మళ్లీ మొదటికి తిప్పండి. ఏళ్ల తరబడి కదలని చుట్ల బిగువు సమానమవుతుంది.

అపోహ: గీతలు పడుతున్నాయంటే టేపు పోయినట్టే.
వాస్తవం: కౌంటర్ నంబర్ రాసుకుని అదే చోటు రెండుసార్లు ఆడించండి. మచ్చ రెండుసార్లూ అదే క్షణంలో వస్తే టేపుది. చోటు మారుతుంటే మెషిన్‌ది. అడ్డంగా పట్టీలా గీతలుంటే ఆటో ట్రాకింగ్ (హెడ్లను టేపు మీది రికార్డింగ్ దారికి సరిపెట్టే అమరిక) ఆపి, చేత్తో సరిచేయండి. టేపు మీద వేరే కెమెరా రికార్డింగ్ మొదలైన ప్రతిచోటా మళ్లీ చూసుకోవాలి. ఏ క్యాసెట్ పెట్టినా తెర నిండా చుక్కలే కనిపిస్తే హెడ్లు మురికి పట్టాయి. కరెంటు ప్లగ్ తీసేసి, షామీ లెదర్ ముక్కను 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపి, హెడ్లు అమర్చి ఉండే డ్రమ్ముకు ఆనించి కదలకుండా పట్టుకోండి. రెండో చేత్తో డ్రమ్మును మెల్లగా తిప్పండి. పైకీ కిందికీ రుద్దితే హెడ్ విరుగుతుంది. దూది పుల్ల అసలు వద్దు, దాని పోగులు హెడ్‌కు చిక్కుకుంటాయి.

ఇక్కడే ఇంకో మాట. తలంబ్రాల ఘట్టాన్ని ఒక్కో ఫ్రేమ్ ఆపి చూడండి. టేపు పూత రాలినచోట పడే మచ్చ అడ్డంగా సన్నటి తెల్లగీతలా వచ్చి, తర్వాతి ఫ్రేమ్‌లో మాయమవుతుంది. బియ్యపు గింజ మాత్రం ఫ్రేమ్ ఫ్రేమ్‌కీ చోటు మారుతూ కిందికి పడుతుంది. మచ్చలు తుడిచే ఫిల్టర్‌కు ఈ తేడా తెలియదు. ఎక్కువగా వాడితే వధూవరుల మధ్య తలంబ్రాలే ఎగిరిపోతాయి. అందుకే ఫిల్టర్ తగలని మూల ఫైలును ఎప్పుడూ విడిగా దాచాలి.

అపోహ: అడుగున వణికే పట్టీ ఉంటే వీసీఆర్ చెడినట్టే.
వాస్తవం: మన దేశపు టీవీ పద్ధతి అయిన పాల్ లో డ్రమ్ము సెకనుకు 25 సార్లు తిరుగుతుంది. రెండు హెడ్లు వంతులు మార్చుకునే చోట చివరి ఏడెనిమిది గీతలు చెదురుతాయి. పాత టీవీల్లో అది అంచు వెనక దాగేది. పై అంచు పక్కకు వంగుతుంటే మాత్రం టేపు బిగువు చూడాలి, లైన్ టీబీసీ (ఒక్కో గీత సమయాన్ని సరిచేసే సర్క్యూట్) ఉన్న వీసీఆర్ వాడాలి.

అపోహ: ధ్వని బర్రుమంటే ఆ మాటలిక దక్కవు.
వాస్తవం: హైఫై ధ్వనిని చదివేది డ్రమ్ములోని హెడ్లే, ట్రాకింగ్ తప్పితే బర్రుమంటుంది. మెనూలో నార్మల్ ఆడియోకు మార్చండి. అది టేపు అంచున వేరుగా ఉంటుంది.

అపోహ: వెలుతురు, రంగులు తర్వాత సాఫ్ట్‌వేర్‌లో సరిచేసుకోవచ్చు.
వాస్తవం: వీడియో లైటు కింద మల్లెపూలు, తెల్ల పంచె క్యాప్చర్‌లోనే తెల్లగా పేలిపోతే వాటి మడతలు, రేకులు మళ్లీ రావు. హిస్టోగ్రామ్‌లో (వెలుతురును 0 నుంచి 255 దాకా చూపే పటం) తెలుపు 235 దాటకుండా క్యాప్చర్ సెట్టింగుల్లోనే కాంట్రాస్ట్ తగ్గించండి. 4కె చేసినా లాభం లేదు, వీహెచ్ఎస్‌లో అడ్డంగా ఉండే వివరమే సుమారు 240 గీతలు. 720×576లో, ఒక్కో ఫ్రేమ్‌ను సరి, బేసి గీతలుగా విడదీసి ఉంచే ఇంటర్లేస్డ్‌గా, వీడియోను నష్టం లేకుండా కుదించే కోడెక్‌లో తీసుకుంటే చాలు.

అపోహ: పెదవులకూ మాటకూ పొంతన తప్పితే టేపు సాగినట్టు.
వాస్తవం: చాలాసార్లు క్యాప్చర్ చేసేటప్పుడు జారిపోయిన ఫ్రేములే కారణం. పాల్ క్యాసెట్ అయితే గంటకు 90,000 ఫ్రేములు రావాలి. క్యాప్చర్ ముగిశాక ఆ లెక్క చూడండి. అమెరికా నుంచి బంధువులు పంపిన క్యాసెట్ అయితే అక్కడి టీవీ పద్ధతి ఎన్టీఎస్సీ, సెకనుకు 29.97 ఫ్రేములు. దాన్ని ఆడించగల వీసీఆర్ కావాలి, క్యాప్చర్ 720×480కి మార్చాలి.