ఊరి గడీని టీబీ దవాఖాన చేద్దామంటే: అపోహలు – వాస్తవాలు

నల్లగొండలో ఛాతీ వైద్యురాలిగా ఈ మాట చాలాసార్లు విన్నాను. "మేడం, మా ఊరి పాత దొరల గడీ ఖాళీగా పడి ఉంది, సర్కారుకు రాసిస్తాం. టీబీ వాళ్లందర్నీ అక్కడ పెడితే ఊరికీ మంచిది, వాళ్లకూ మంచిది గదా?" ఇస్తామన్న మనసుకు దండం పెడతాను. ఆ "అందర్నీ అక్కడ పెడితే" దగ్గరే నా ఇబ్బంది.

అపోహ: మంచి గాలి, మంచి బంగళా ఉంటే టీబీ నయమవుతుంది.

వాస్తవం: మందులు లేని రోజుల్లో వేరే దారి లేదు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం, వికారాబాద్ అనంతగిరి గుట్టల మీది శానటోరియం (టీబీ రోగుల్ని నెలల తరబడి ఉంచే దవాఖాన) అలా వచ్చినవే. ఎర్రగడ్డ ఛాతీ దవాఖాన కూడా ఒకప్పుడు నవాబు ఫఖ్రుల్ ముల్క్ విడిది భవనం. కానీ 1956లో మద్రాసులో మొదలైన అధ్యయనం ఈ నమ్మకాన్ని తిరగేసింది. 193 మంది రోగుల్లో కొందరిని శానటోరియంలో ఉంచారు, మిగతావాళ్లకు ఇంటి దగ్గరే మందులిచ్చారు. ఇంట్లో ఉన్నవాళ్లకు తిండి తక్కువ, విశ్రాంతి తక్కువ, ఇరుకు గదులు. అయినా ఏడాది తర్వాత ఫలితాలు దాదాపు సమానం. వాళ్ల ఇంట్లోవాళ్లకు జబ్బు ఎక్కువగా అంటుకోనూ లేదు. ఇప్పుడు మామూలు టీబీకి ఆరు నెలల కోర్సు, అదీ ఇంటి దగ్గరే.

అపోహ: గడీ గోడలు మందం, లోపల చల్లగా ఉంటుంది, రోగులకు హాయి.

వాస్తవం: నాకు ఎక్కువ టెన్షన్ దీనితోనే. దగ్గినప్పుడు వచ్చే సన్నని తుంపర గాలాడని గదిలో గంటల తరబడి తేలుతూ ఉంటుంది. గడీల్లో లోపలి గదులకు చాలాచోట్ల ఒకటే తలుపు, గోడపైన చిన్న కిటికీ. అక్కడ పది మంచాలు వేస్తే మొదట జబ్బుపడేది నర్సులు, ఊడ్చేవాళ్లు. గదిలో గాలి గంటకు 12 సార్లయినా మారాలి. అంటే ఎదురెదురు కిటికీలు కొట్టాలి, వాటిని చలికాలం రాత్రిళ్లూ మూయకూడదు. తెమడ ఇచ్చే చోటు ఆరుబయట ఉండాలి, బాత్రూమ్‌లో కాదు. మందులకు లొంగని టీబీ ఉన్నవాళ్లను మిగతావాళ్లతో ఒకే హాల్లో పడుకోబెట్టడం పెద్ద తప్పు. గడీలో నిజంగా పనికొచ్చేది చుట్టూ ఉన్న వరండా, మధ్యలోని వాకిలి.

అపోహ: టీబీ దవాఖాన వైపు నుంచి వచ్చే గాలికి ఊరంతా జబ్బు అంటుకుంటుంది.

వాస్తవం: అంటుకోదు. ఆరుబయట క్రిములు పలచబడిపోతాయి, ఎండకు చస్తాయి. కంచాలు, బట్టలతోనూ రాదు.

అపోహ: గేటు లోపల ఉంచితేనే మందులు సరిగా వేసుకుంటారు.

వాస్తవం: పాలమూరు నుంచి వలస పోయే కూలీ గోలీలు ఆపేది మొండితనంతో కాదు, మేస్త్రీ పిలిచాడని, ఇంట్లో అప్పుందని. ఆర్నెల్లు లోపల పెడతామంటే అసలు పరీక్షకే రాడు. పోయే ముందు మాకు చెబితే చాలు, నిక్షయ్ (సర్కారు టీబీ రోగుల ఆన్‌లైన్ రికార్డు) నంబరుతో పుణేలోనైనా ఉచితంగా మందులు అందుతాయి. తిండికి నెలకు 1000 రూపాయలు ఖాతాలో పడతాయి.

మంచం అవసరమయ్యేవాళ్లూ ఉన్నారు: నెత్తురు కక్కుతున్నవాళ్లు, లేవలేనంత నీరసించినవాళ్లు, మందులకు లొంగని టీబీతో చికిత్స మొదలుపెట్టేవాళ్లు. ఇంట్లోవాళ్లు పశువుల కొట్టంలో పడుకోబెట్టిన ఒక తల్లిని నేను చూశాను. అప్పటికే ఆమె రెండు నెలలుగా గోలీలు వేసుకుంటోంది, తెమడలో క్రిమి లేదు, అంటే ఇంట్లోవాళ్లకు అంటుకుంటుందన్న భయం అక్కర్లేదు. ఆమెకు గడీ అక్కర్లేదు. ఆమె కొడుకుతో నేను గంటసేపు మాట్లాడాను. మర్నాడు ఆమె మంచం మళ్లీ ఇంట్లోకి వచ్చింది.