గాలే లేదు కదా, చెట్టెలా పడింది?

భీమిలి,
ఆదివారం, వాన తెరిపిచ్చిన పూట.

చిరంజీవులు హాసినికి, చిన్నుకి, మీ అపార్ట్‌మెంటు కింద క్రికెట్ ఆడి అద్దాలు పగలగొట్టే గుంపు మొత్తానికి తాతయ్య ఆశీస్సులు.

హాసినీ, మొన్న నువ్వు ఫోనులో అడిగిన ప్రశ్న నన్ను రెండు రాత్రుళ్ళు పడుకోనివ్వలేదు. "ఆవేళ గాలే లేదు కదా తాతయ్యా, వాన కూడా ఆగిపోయింది. మరి మా వీధి చివర నిద్రగన్నేరు చెట్టు ఎందుకు పడిపోయింది?" అన్నావు. వెనకనుంచి మీ నాన్న "దానికి వయసైపోయిందిలే" అన్నాడు. అదేం జవాబు? నాకు డెబ్బై రెండేళ్ళు, నేనేమైనా పడిపోయానా? ఫోనులో చెబుదామంటే చిన్నుగాడు మధ్యలో లాక్కుంటాడు. అందుకని ఉత్తరం.

నువ్వు పంపిన ఫొటోలు పెద్దవి చేసుకుని చూశాను. మొదటిదాంట్లో నలిగిపోయిన కారు తప్ప ఇంకేమీ లేదు, పాపం ఎవరిదో. రెండోది మాత్రం చాలా మంచి ఫొటో. చెట్టు మొదలు మట్టిపెళ్ళతో సహా లేచి గోడలా నిలబడింది, పక్కన నువ్వు. నీకంటే ఎత్తుగా ఉంది. ఆ ఫొటో మళ్ళీ తీసి చూడు. రోడ్డు వైపు వేళ్ళు పీచులు పీచులుగా చీలి, లోపల తెల్లగా ఉన్నాయి. అవి ఆ రోజే తెగినవి. మరి గోడ వైపువి? కత్తితో నరికిన చెరుకు ముక్కల్లా అంచులు సమంగా ఉన్నాయి, పైగా నల్లబడి మెత్తబడ్డాయి. అవి ఎప్పుడో తెగాయి.

సంక్రాంతికి మేం మీ ఇంటికి వచ్చినప్పుడు ఆ గోడ పక్కన పొడుగ్గా గొయ్యి తవ్వి పెట్టారు, గుర్తుందా? ఏదో కేబుల్ వెయ్యడానికి. చిన్ను బంతి అందులో పడితే నేనే దిగి తీశాను, మీ మామ్మ చేత చివాట్లూ తిన్నాను. ఆ గోతిలో నా చేతి మణికట్టంత లావు వేరు ముక్కలు పడి ఉన్నాయి. చూశాను కూడా. బంతి మీద ధ్యాసలో పట్టించుకోలేదు. కాబట్టి ఆ చెట్టు పడిపోయింది మొన్న కాదమ్మా, సంక్రాంతికే. నేల మీదికి రావడానికి ఇన్నాళ్ళు పట్టింది.

మీరెప్పుడైనా భీమిలి బస్సులో నిలబడి వచ్చారా? ఎందుకొస్తారు, మీకు కారుంది. ఈసారి బస్సెక్కి రండి. తొట్లకొండ దాటాక డ్రైవరు ఒక్కసారి తిప్పినప్పుడు ఎవరెలా నిలబడుతున్నారో చూడండి. రోజూ తిరిగేవాడు కాళ్ళు ఎడంగా పెట్టి, మోకాళ్ళు వదులుగా ఉంచుతాడు. పైన కమ్మీ పట్టుకోకపోయినా ఊగుతాడే గానీ పడడు. కాళ్ళు దగ్గరగా పెట్టి కొయ్యలా బిగుసుకున్నవాడు పక్కవాళ్ళ ఒళ్ళో పడతాడు. చెట్టు బతుకంతా బస్సులో నిలబడ్డ బతుకే అనుకోండి.

చెట్టు పైకి ఎంత ఎత్తు ఉంటే భూమిలోకి అంత లోతు ఉంటుందని మా మాస్టారు చెప్పేవారు. మీకూ ఎవరో చెప్పే ఉంటారు. చాలా చెట్ల విషయంలో అది తప్పు. వేళ్ళలో ఎక్కువ భాగం పైన రెండు మూడు అడుగుల మట్టిలోనే ఉంటుంది. అక్కడినుంచి పక్కలకి పాకుతాయి, కొమ్మల నీడ దాటి ఇంకా అవతలికి. వేరుకి నీళ్ళొక్కటే చాలవు, ఊపిరి కూడా ఆడాలి. ఆ గాలి పైమట్టిలోనే దొరుకుతుంది. అంటే చెట్టు కాళ్ళు బాగా ఎడంగా పెట్టుకుని నిలబడిందన్నమాట. మనం గోడ వెంబడి మూడడుగుల లోతున తవ్వి ఒక కాలు తీసేశాం. వీధిలో కరెంటు తీగలు కూడా ఆ గోడ వైపే ఉన్నాయి కదా, ఏటా వచ్చి ఆ వైపు కొమ్మలే కొట్టేవారు. మిగిలిన కొమ్మల బరువంతా రోడ్డు మీదికే వాలింది. ఒంటికాలి మీద నిలబడ్డవాడికి ఒకే భుజాన బియ్యం బస్తా ఎత్తినట్టు.

ఇక వాన. నాలుగు రోజుల ముసురుకి మట్టి నాని బురదైంది. ఆకు ఆకునా నీళ్ళు నిలిచి బస్తా ఇంకా బరువెక్కింది. బస్సులో ఎవరో నూనె డబ్బా ఒలకబోశారనుకోండి, బస్సు ఆగి ఉన్నా సరే ఒంటికాలివాడు జారిపోడూ? గాలెందుకు? కండక్టరు "ముందుకు జరగండి" అని అరిస్తే చాలు. (కండక్టరు ఇక్కడ ఎవరని అడక్కండి. నా పోలిక అంతవరకు రాలేదు.)

హుద్‌హుద్ తుపాను నాడు మాత్రం గాలే చేసింది. 2014 అక్టోబరు 12, అదీ ఆదివారమే. గంటకి 180 కిలోమీటర్ల గాలి. దానికంటే చిత్రం, పొద్దుటినుంచి ఒక దిక్కు నుంచి కొట్టి కొట్టి, మధ్యాహ్నం కాసేపు ఊరంతా నిశ్శబ్దమైపోయింది. తుపాను కన్ను, అంటే దాని నడిమధ్య గాలి ఉండని చోటు, మా నెత్తి మీదికి వచ్చిందన్నమాట. అయిపోయిందనుకుని కొందరు బయటికి కూడా వచ్చారు. అప్పుడు ఎదురు దిక్కు నుంచి మొదలైంది. డ్రైవరు సడన్ బ్రేకు వేసి వెంటనే ముందుకి దూకిస్తే ఎలా ఉంటుందో అలా. మొదటి దెబ్బకి వేళ్ళు వదులైపోయి కూడా నిలబడ్డ చెట్లు రెండో దెబ్బకి పడ్డాయి. తెల్లారి చూస్తే కైలాసగిరి మీద పచ్చదనం లేదు, ఎవరో కాల్చేసినట్టు గోధుమరంగు. అన్నట్టు హుద్‌హుద్ అంటే ఒక పిట్ట, తలమీద విసనకర్రలా కుచ్చు ఉంటుంది. ఒమన్ దేశం వాళ్ళు పెట్టిన పేరు. అది గూడు పెట్టేది చెట్టు తొర్రల్లో! ఆ పేరు పెట్టుకుని వచ్చి తొర్రలున్న చెట్లన్నీ కూల్చిపోయింది.

వాటిల్లో కంచరపాలెం వేపచెట్టు ఒకటి. దాని సంగతి మీకు చెప్పాలి, మీ నాన్నకి కూడా తెలీదు.

మా నాన్న పోర్టులో పని చేసేవారు. కంచరపాలెంలో ఒక వరస ఇళ్ళల్లో మాదొకటి, వాకిట్లో వేపచెట్టు. నాకు పదేళ్ళప్పుడు, గూటీబిళ్ళ ఆడేటప్పుడు చొక్కా తగిలించుకోవడానికి దానికొక మేకు కొట్టాను. సరిగ్గా నా నెత్తి ఎత్తున. చెట్టు పెరిగేకొద్దీ మేకు కూడా పైకి పోతుందని, పెద్దయ్యాక మేడ మీదినుంచి అందుకోవాల్సి వస్తుందని మా వాళ్ళతో పందెం వేశాను. నాలుగు జీళ్ళు పందెం. రెండు వేసవులు గడిచాయి. నా తల మేకు దాటిపోయింది. మేకు అక్కడే ఉంది. మా నాన్న చూసి, "ఏట్రా, చెట్టు రబ్బరనుకున్నావేటి, సాగడానికి?" అన్నారు.

చెట్టు పొడుగు పెరిగేది కొమ్మల కొసల్లో. లావు పెరిగేది బెరడు కింద, పల్చటి పొరలో. మధ్యలో మాను సాగదు. మేకు ఎక్కడుందో అక్కడే ఉంటుంది, చుట్టూ చెట్టు లావెక్కి మెల్లగా దాన్ని మింగేస్తుంది. నేను కాలేజీకి వచ్చేసరికి మేకు తల కూడా మునిగిపోయింది. నేనూ మర్చిపోయాను.

తుపాను పోయిన వారానికి మా పెద్దమ్మగారి అబ్బాయి ఇంకా అక్కడే ఉంటే చూడ్డానికి వెళ్ళాను. మోటారు రంపంతో మాను కోస్తున్నారు. ఉన్నట్టుండి కీచుమని నిప్పురవ్వలు. రంపం గొలుసు పళ్ళు పోయాయి. కోస్తున్న అతను లోపల వేలు పెట్టి చూసి, బెరడుకి జానెడు లోపల ఉన్న మేకుని చూసి, దాన్ని కొట్టినవాణ్ణి, వాడి ముందు తరాల్ని కలిపి తిట్టాడు. యాభై ఏళ్ళు ఆలస్యంగా వచ్చినా సరైన చిరునామాకే చేరిన తిట్లు. నేను గొడుగు పట్టుకుని పక్కనే నిలబడ్డాను, నోరు మెదపలేదు.

అందుకే మీ వీధి చెట్లకి హాస్టల్ ప్రకటనలు, ట్యూషన్ బోర్డులు మేకులతో కొట్టి ఉంటే నాకు వీపు చురుక్కుమంటుంది. మీరు కొట్టకండి. ఎవరైనా కొడుతుంటే పెద్దవాళ్ళని పిలవండి.

సరే, చెట్టు పడిన చోట కొత్త మొక్క నాటుదామని మీ అపార్ట్‌మెంటు వాళ్ళు అనుకుంటున్నారని చెప్పావు. సంతోషం. కానుగో వేపో అడగండి, తురాయి వద్దు. అందంగా పూస్తుంది గానీ కొమ్మలు పెళుసు. ప్లాస్టిక్ సంచి కోసి తీసేశాకే నాటాలి. లోపల వేళ్ళు చుట్టలు చుట్టుకుని ఉంటే చేత్తో సాపు చెయ్యండి. అలాగే వదిలేస్తే పెద్దయ్యాక తన మెడకి తానే ఉరి వేసుకుంటుంది. ఊతకర్ర కట్టినా వదులుగా కట్టండి, ఏడాది పోయాక తీసేయండి. మీ నాన్న చిన్నప్పుడు బస్సులో నా నడుం పట్టుకునే నిలబడేవాడు, పన్నెండేళ్ళొచ్చినా సొంతంగా నిలబడ్డం రాలేదు. మొక్క కూడా గాలికి ఊగితేనే మొదలు గట్టిపడుతుంది. ఇంకొకటి, మొదలు దాకా సిమెంటు పొయ్యనివ్వకండి. 2013లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఢిల్లీలో చెట్ల చుట్టూ మీటరు మేర సిమెంటు తీసెయ్యమని చెప్పాల్సి వచ్చింది. ఢిల్లీ చెట్టుకి కావలసిన ఊపిరే విశాఖ చెట్టుకీ కావాలి.

మీరు బడికి వెళ్ళే దారిలో చెట్ల మాన్ల మీద గారెలు వెతకండి. నిజం గారెలే! కొమ్మ కోసిన చోట చుట్టూ ఉబ్బి, మధ్యలో కన్నంతో గుండ్రంగా మచ్చ ఉంటుంది. చెట్టుకి గాయం మానదు. కొత్త పొర పక్కలనుంచి దొర్లుకుంటూ వచ్చి మూసేస్తుంది. కొమ్మ మొదట్లో గాజులా ఉబ్బిన భాగాన్ని వదిలి కోసినవాడి గారె గుండ్రంగా మూసుకుంటుంది. మాను దాకా చెక్కేసినవాడిదీ, మూరెడు మోడు వదిలేసినవాడిదీ మూసుకోదు, కుళ్ళి తొర్ర పడుతుంది. ఎన్ని మంచి గారెలు, ఎన్ని పాడు గారెలు ఉన్నాయో లెక్కపెట్టి నాకు రాయండి.

ఇక నీ రెండో ప్రశ్న హాసినీ. చెట్టు పడిన రోజు సాయంత్రం, వీధిలో అడ్డంగా పడి ఉండి కూడా, ఎప్పటిలాగే ఆకులు ముడుచుకుందన్నావు. నువ్వు చూసింది నిజమే. నిద్రగన్నేరు ఆకు కాడ మొదట్లో చిన్న బుడిపె ఉంటుంది. దానిలో నీరు ఒక వైపు నుంచి ఇంకో వైపుకి మారితే ఆకు ముడుచుకుంటుంది, తెరుచుకుంటుంది. ఆ బుడిపెను కోసి, చీకటి గదిలో పెట్టినా, వేళకి మూసుకుని వేళకి తెరుచుకుంటుందట. చెట్టు లేదు, సూర్యుడు లేడు, అయినా దానికి పొద్దు తెలుసు. ఎలా తెలుసని నన్నడగకు. నేను ఈ వాక్యం రాసి చాలాసేపు పెన్ను పక్కన పెట్టేశాను.

పార్కు గేటు దగ్గర ఇంకో నిద్రగన్నేరు ఉంది కదా. రేపు సాయంత్రం ఆరు కాకముందే చిన్నుని తీసుకుని దాని కింద కూర్చో. ఫోను ఇంట్లో పెట్టి వెళ్ళు. ముందు కింది కొమ్మలు ముడుచుకుంటాయా, పైవా? చూసి రాయి.

తెగిన వేరు ముక్క ఒకటి నాకోసం దాచిపెట్టు, గోడ వైపుది.

మీ
భీమిలి తాతయ్య