తప్పు దిద్దే లెక్కకు పేటెంటా?

1947లో అమెరికా టెలిఫోన్ కంపెనీ పరిశోధనశాల బెల్ ల్యాబ్స్‌లో పనిచేస్తున్న రిచర్డ్ హామింగ్ అనే గణితవేత్తకు కంప్యూటర్ వారాంతాల్లోనే దొరికేది. రిలేలతో, అంటే కరెంటుతో పడి లేచే స్విచ్‌లతో, టకటకలాడే యంత్రం అది. శుక్రవారం లెక్క ఎక్కించి ఇంటికి పోయి, సోమవారం వచ్చి జవాబు చూసుకోవాలి. మధ్యలో ఏ రిలే అయినా సరిగా పడకపోతే యంత్రం పసిగట్టేది. మామూలు రోజుల్లో అయితే ఆగి మనిషిని పిలిచేది. వారాంతంలో ఎవరూ ఉండరు కాబట్టి ఆ లెక్కను అక్కడే వదిలేసి తర్వాతిది అందుకునేది. వరసగా రెండు సోమవారాలు ఖాళీ చేతులతో మిగిలేసరికి హామింగ్‌కు ఒళ్ళు మండింది. తప్పు జరిగిందని కనిపెట్టగలిగిన యంత్రం, ఎక్కడ జరిగిందో కూడా కనిపెట్టి తనే ఎందుకు దిద్దుకోకూడదు?

పద్యాలతో పరిచయమున్న తెలుగువాళ్ళకు ఈ ప్రశ్న మరీ కొత్తగా అనిపించదు. ఉత్పలమాలలో పాదానికి 20 అక్షరాలు. గురులఘువుల వరస ముందే ఖరారు. పదో అక్షరం మీద యతి, రెండో అక్షరానికి ప్రాస. తాళపత్రాన్ని ఎత్తి రాసిన లేఖకుడు ఎక్కడైనా పొరబడితే, పరిష్కర్త గణం విరిగిన చోటు చూసి పట్టుకుంటాడు. ఆ చోటు యతిస్థానమైతే అక్కడ ఏ అక్షరం ఉండాలో కూడా సగం తేలిపోతుంది. అర్థానికి అక్కర్లేని నియమాలు పాఠానికి కాపలా కాస్తాయన్నమాట. హామింగ్ ఈ పనినే 0, 1 అనే రెండక్షరాల భాషలో చేశాడు.

ఆ లెక్క కాగితం మీద రెండు నిమిషాల పని, చేసి చూద్దాం. దాచాల్సిన బిట్లు (0 గానీ 1 గానీ అయ్యే అంకెలు) నాలుగు: 1, 0, 1, 1. వీటిని ఏడు గళ్ళ వరసలో 3, 5, 6, 7 గళ్ళలో పెట్టండి. 1, 2, 4 గళ్ళు తనిఖీ బిట్లవి. ఒకటో గడిలో ఏం వేయాలంటే, 1, 3, 5, 7 గళ్ళు కూడితే సరిసంఖ్య రావాలి. రెండో గడికి 2, 3, 6, 7 కూడిక సరిసంఖ్య కావాలి. నాలుగో గడికి 4, 5, 6, 7. అలా నింపితే వరస 0110011 అవుతుంది. ఇప్పుడు ఎవరో ఆరో గడిలోని 1ని 0 చేశారనుకోండి. మళ్ళీ కూడి చూస్తే ఒకటో గడి తనిఖీ సరిపోతుంది. రెండో గడిదీ నాలుగో గడిదీ బేసి వస్తాయి. 2, 4 కలిపితే 6. తప్పు ఆరో గడిలో ఉంది! దాన్ని తిప్పేస్తే సరి. తప్పిన తనిఖీల నంబర్లు కూడితే తప్పు ఇంటి నంబరు రావడం నాకు ఎన్నిసార్లు చూసినా గారడీలాగే ఉంటుంది.

దీన్ని ప్రచురిద్దామంటే బెల్ ల్యాబ్స్ పేటెంట్ విభాగం ఆగమంది. గణిత సూత్రాలకు పేటెంట్ ఎలా వస్తుందని హామింగ్ వాదించాడు. వస్తుంది చూస్తూ ఉండమన్నారు వాళ్ళు. వాళ్ళ మాటే నెగ్గిందనీ, పేటెంట్ చట్టం తనకు అర్థం కాదని అప్పుడే తెలిసిందనీ ఆయన తర్వాత చెప్పుకున్నాడు. సహోద్యోగి బెర్నార్డ్ హోల్‌బ్రూక్‌తో కలిసి 1950 జనవరి 11న దరఖాస్తు పెట్టారు. 1951 మే 15న 2,552,629 నంబరుతో పేటెంట్ వచ్చింది. దాని పేరులో గణితం అన్న మాటే లేదు, తప్పుల్ని పట్టి సరిదిద్దే 'వ్యవస్థ' అనే ఉంది. కిటుకంతా ఆ ఒక్క మాటలో ఉంది.

ఈ నిరీక్షణకు హామింగ్ మూల్యం కూడా చెల్లించాడు. ఆయన వ్యాసం 1950 ఏప్రిల్‌లో గానీ అచ్చు కాలేదు. ఈలోగా 1949లో మార్సెల్ గోలే అనే శాస్త్రవేత్త ఒక పేజీ కూడా నిండని చిన్న రచనలో అదే ఆలోచనను ఇంకా ముందుకు తీసుకెళ్ళి ప్రచురించేశాడు. ఎవరు ముందన్న తగాదా అప్పుడు మొదలైంది.

ఈ తేదీలు పక్కపక్కన పెట్టుకుంటే ఇంకో సంగతి కనిపిస్తుంది. పైన మనం వేసిన ఏడు గళ్ళ లెక్క హామింగ్ పద్ధతి అన్న గుర్తింపుతో సహా సమాచార సిద్ధాంతానికి పునాది వేసిన క్లాడ్ షానన్ వ్యాసంలో 1948లోనే అచ్చయింది. గళ్ళ నంబర్లు కూడా ఇవే. దరఖాస్తు పడింది ఏడాదిన్నర తర్వాత. ఆవిష్కరణ అచ్చులోకి వచ్చాక దరఖాస్తుకు అమెరికా చట్టం ఇచ్చే గడువు ఏడాదే. ఇప్పటి ఎగ్జామినర్, అంటే దరఖాస్తును పరిశీలించే పేటెంట్ అధికారి, ఎవరైనా షానన్ పేజీని మొట్టమొదట బల్లమీద పెడతారు. అప్పుడు దరఖాస్తుదారు లాయరు ఏమంటాడో కూడా ఊహించవచ్చు: షానన్ చెప్పింది లెక్క, మేమడుగుతున్నది ఆ లెక్క చేసే సర్క్యూట్.

మెమరీలో ఈ లెక్క అవసరం తర్వాత తర్వాత పెరిగింది. 1961లో ఐబీఎం స్ట్రెచ్ కంప్యూటర్ ప్రతి 64 బిట్ల వెంట 8 తనిఖీ బిట్లు మోసింది. ఒక తప్పును దిద్దడానికి 7 చాలు. రెండు తప్పులు ఒకేసారి పడితే కనీసం పసిగట్టడానికి ఇంకొకటి. 1978లో ఇంటెల్‌కు చెందిన తిమోతీ మే, ముర్రే వుడ్స్ ఇంకో గుట్టు విప్పారు. చిప్‌ను మూసే పింగాణీ పెట్టెలో లేశమాత్రంగా ఉన్న యురేనియం, థోరియం ఆల్ఫా కణాల్ని చిమ్ముతున్నాయి, అవి మెమరీలో బిట్లను తిప్పేస్తున్నాయి. చిప్‌కు ఏమీ కాదు, అందులోని అంకె మాత్రం మారిపోతుంది. ఇప్పటి కంప్యూటర్లలో వాడే డీడీఆర్5 రకం ర్యామ్‌లో చిప్ లోపలే 128 బిట్లకు 8 తనిఖీ బిట్లు కాపలా ఉంటాయి. గడులు ఎంత చిన్నవైతే కాపలా అంత అవసరం. దరఖాస్తులూ అంతే జోరుగా పడతాయి.

అలాంటి దరఖాస్తు ఒకటి ఎగ్జామినర్ ముందుకు వచ్చిందనుకుందాం. అందులో ప్రాణం క్లెయిమ్. ఏది నా సొంతం అని దరఖాస్తుదారు గీసుకునే పొలం గట్టు అది. మన ఊహా క్లెయిమ్‌లో మూడు ముక్కలున్నాయి: మెమరీ గడుల వరసలు, అదే చిప్‌లో తనిఖీ బిట్లు తయారుచేసి తప్పు దిద్దే సర్క్యూట్, ఏ వరసలో ఎన్నిసార్లు దిద్దాల్సి వచ్చిందో లెక్కపెట్టి, హద్దు దాటితే ఆ వరసను పక్కనపెట్టి స్పేర్ వరస అందించే కౌంటర్. ఎగ్జామినర్ దీన్ని కథలాగా చదవరు, పప్పులో రాళ్ళేరినట్టు ముక్కముక్కా ఏరతారు. మొదటి రెండు ముక్కలు పాతవే. మూడోదాని కోసం జి06ఎఫ్ 11/10 వంటి వర్గీకరణ గూళ్ళలో పాత పేటెంట్లు, వ్యాసాలు వెతకాలి. ఇలా ముందే లోకానికి తెలిసినదాన్ని వాళ్ళు ప్రయర్ ఆర్ట్ అంటారు.

మూడు ముక్కలూ ఒకే పత్రంలో దొరికితే పని సులువు, కొత్తదనం లేదని రాసేయొచ్చు. సాధారణంగా అలా దొరకవు. ఒక పత్రంలో చిప్ లోపలి దిద్దుబాటు ఉంటుంది, ఇంకోదానిలో చిప్ బయటి కంట్రోలర్ వరసల్ని లెక్కపెడుతుంది. ఆ పని తెలిసిన మామూలు ఇంజనీరుకు ఈ రెండూ కలపాలని తోచేదేనా? అసలు చిక్కు ఇక్కడే. విడుపు చెప్పేశాక పొడుపు కథ ఎంత తేలికో, జవాబు చేతిలో పెట్టుకుని చదివేవాళ్ళకు ప్రతి ఆవిష్కరణా అంత తేలిగ్గా తోస్తుంది. అమెరికాలో ఈ ప్రశ్నకు కొలబద్ద 2007 నాటి సుప్రీంకోర్టు తీర్పు. అది కారు ఆక్సిలరేటర్ పెడల్ గొడవ! మామూలు ఇంజనీరు మరమనిషి కాదు, కొంత సొంత తెలివి ఉంటుందని ఆ తీర్పు అంది. పెడల్ మీద పుట్టిన ఆ మాట ఇవాళ మెమరీ దరఖాస్తుల్నీ తూకం వేస్తోంది.

ఇక హామింగ్ అడిగిన పాత ప్రశ్న ఉండనే ఉంది. గణితం ఎక్కడ ఆగుతుంది, యంత్రం ఎక్కడ మొదలవుతుంది? 1951లో నెగ్గిన బెల్ ల్యాబ్సే 1972లో ఓడింది. దశాంశ అంకెల బైనరీ రూపాన్ని అసలు బైనరీ సంఖ్యగా మార్చే పద్ధతికి అక్కడి బెన్సన్, టాబట్ అడిగిన పేటెంట్‌ను సుప్రీంకోర్టు 6-0తో కాదంది. అది ఇస్తే సూత్రాన్నే రాసిచ్చినట్టవుతుందన్నారు. 2014 జూన్‌లో అలీస్ కేసు తీర్పుతో కోర్టు ఇంకా బిగించింది: ఒట్టి ఆలోచనను కంప్యూటర్‌లో నడిపినంత మాత్రాన పేటెంట్ రాదంది. అదే ఏడాది నవంబరులో కాలిఫోర్నియా ఫెడరల్ కోర్టు ముందుకు కాల్‌టెక్ విశ్వవిద్యాలయం వారి దోష సవరణ కోడ్‌లు వచ్చాయి. గణితమే అయినా, సమాచార ప్రసారంలో వచ్చే నిజమైన చిక్కును కొత్త దారిలో తీరుస్తున్నాయి కాబట్టి పేటెంట్‌కు తగినవేనని ఆ కోర్టు తేల్చింది. నా మట్టుకు 1972 తీర్పు కన్నా ఇదే సబబుగా తోస్తుంది. బిట్ తిప్పే ఆల్ఫా కణం గణితం కాదు కదా.

మన దేశ పేటెంట్ చట్టంలో ఈ గీత సెక్షన్ 3(కె)లో ఉంది. 2002 సవరణతో వచ్చిన ఈ క్లాజు గణిత పద్ధతుల్ని, అల్గారిథమ్‌లను ఆవిష్కరణలు కావని పక్కనపెట్టింది. కంప్యూటర్ ప్రోగ్రామ్‌కు మాత్రం 'పర్ సే', అంటే ప్రోగ్రామ్ ఒట్టి ప్రోగ్రామ్‌గానే ఉంటే, అని చిన్న సందు వదిలింది. ఆ రెండు మాటల్ని ఊరికే పెట్టలేదని ఢిల్లీ హైకోర్టు 2019లో ఫరీద్ అల్లానీ కేసులో గుర్తుచేసింది. గణిత పద్ధతికి ఆ సందు కూడా లేదు. అందుకే హైదరాబాద్‌లో మెమరీ చిప్ డిజైన్ చేసి చెన్నై పేటెంట్ ఆఫీసులో దరఖాస్తు పెట్టేవాళ్ళ క్లెయిమ్‌లో సమీకరణం ముందుకు రాకూడదు. మెమరీ గడిలోని అంకెను చదివే సెన్స్ యాంప్లిఫయర్, కంట్రోలర్, స్పేర్ వరస ముందు నిలబడాలి. వాటి చాటున సమీకరణం తన పని తాను చేసుకుంటుంది. హోల్‌బ్రూక్ సాయంతో హామింగ్ వెళ్ళిన దారి కూడా ఇంచుమించు అదే.

ఇంతకీ ఆ పేటెంట్ బెల్‌కు ఎక్కువ కాలం బంగారు గుడ్లు పెట్టే వీల్లేకపోయింది. 1956లో అమెరికా ప్రభుత్వంతో కుదిరిన రాజీ ప్రకారం అప్పటిదాకా ఉన్న పేటెంట్లను రాయల్టీ లేకుండా ఇవ్వాల్సి వచ్చింది. 17 ఏళ్ళ గడువు 1968 మేలో తీరింది. మార్కెట్లో నిలదొక్కుకున్న తొలి డీర్యామ్ (ఇప్పటి కంప్యూటర్ల ప్రధాన మెమరీ రకం) చిప్, ఇంటెల్ 1103, అంగళ్ళలోకి వచ్చింది 1970 అక్టోబరులో.